తీగల మీద పడ్డ చెయ్యి

"ఎందుకంత మాట్లాడుతున్నావు?" అన్నాడు పెద్దాయన. అని ఊరుకోలేదు, నా బేస్ గిటార్ తీగల మీద అరచెయ్యి అడ్డంగా వేశాడు. మోగుతున్నది మోగుతున్నట్టే ఆగిపోయింది.

నిజానికి నేను నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. వాయిస్తున్నానంతే. ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ల కార్యక్రమంలో వాయించాల్సిన పాట. పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీలుంటే, మూడు వారాలు కూర్చుని ఒక్కోదాంట్లో ఒక్కో సంగతి వేసుకున్నాను. అవి వినిపించి శభాష్ అనిపించుకుందామని మంచులో 40 నిమిషాలు కారు నడుపుకుంటూ డెట్రాయిట్ దాకా వెళ్లాను. 44 ఏళ్లవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని. ఇంటికొచ్చే దారంతా చెవులు కాలుతూనే ఉన్నాయి.

ఆయనెవరో చెప్పాలి. 76 ఏళ్ల నల్లజాతి పెద్దమనిషి. 30 ఏళ్లు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. పగలు అసెంబ్లీ లైన్ మీద తలుపులు బిగించడం, రాత్రిళ్లు క్లబ్బుల్లో, ఆదివారాలు చర్చిలో బేస్ వాయించడం. ఇప్పుడు గరాజ్‌లో పాత వాద్యాలు బాగుచేస్తుంటాడు. నేను కొన్న సెకండ్‌హ్యాండ్ బేస్ మెడ వంగిపోతే తీసుకెళ్లాను. అలా పరిచయం. సార్ అంటే ఒప్పుకోడు, పేరు పెట్టి పిలవమంటాడు. మా నాన్నకంటే నాలుగేళ్లు చిన్న, అంతే. నాకు నోరెలా వస్తుంది? అందుకని ఏమీ పిలవకుండా, ఆయన నా వైపు తిరిగేదాకా ఆగి మాట్లాడతాను. ఈ దేశంలో పదిహేనేళ్లుగా నేను బాగా నేర్చిన విద్యల్లో ఇదొకటి. ఆయన మటుకు నన్ను "వీ" అంటాడు. వెంకట సుబ్రహ్మణ్యం ఆఫీసులో వెంక్ అయ్యాడు, గరాజ్‌కి వచ్చేసరికి ఒక్క అక్షరం మిగిలింది.

ఆ మాట అంతలా ఎందుకు గుచ్చుకుందో తెలియాలంటే ఆఫీసు సంగతి చెప్పాలి.

చిన్నప్పుడు విజయవాడలో, సత్యనారాయణపురంలో, నాకు పడ్డ తిట్లలో సగం "పెద్దవాళ్ల మధ్యలో నీకెందుకురా" అనేవే. నోరు మూసుకుని పని చేసుకుపోవడం మంచి లక్షణమనుకుంటూ ఇక్కడికొచ్చాను. వరసగా మూడేళ్లు రివ్యూలో మేనేజర్ ఒకటే మాట: పని బ్రహ్మాండంగా ఉంది, కానీ మీటింగుల్లో నువ్వున్నట్టే తెలియదు. నేను రాత్రంతా కూర్చుని తీసిన గ్రాఫు మీద నిలబడి ఇంకొకతను పది నిమిషాలు మాట్లాడి ప్రమోషన్ పట్టుకెళ్లాడు. అప్పటినుంచి మీటింగుకి ముందు పసుపు కాగితం మీద రెండు పాయింట్లు రాసుకోవడం మొదలుపెట్టాను. చెప్పేదేం లేకపోయినా "దానికి నేనింకొకటి కలుపుతాను" అనడం నేర్చుకున్నాను. మొదట్లో గుండె దడదడలాడేది. తర్వాత అలవాటైంది, ప్రమోషనూ వచ్చింది. ఇంత టెన్షన్ పడి, ఇన్నేళ్లు పట్టి మాట్లాడటం నేర్చుకుంటే, ఈయనెవరో వచ్చి నోటి మీద చెయ్యి పెడతాడా?

రెండు వారాలు వెళ్లలేదు. మూడో వారం వెళ్లాను, ఎందుకంటే బేస్ అక్కడే మర్చిపోయాను.

ఆయన ఆ సంగతే ఎత్తలేదు. డ్రమ్ మెషీన్ పెట్టి, అన్నిటికంటే లావు తీగ, 'E' అనే తీగ, దాన్నొక్కదాన్నే వాయించమన్నాడు. ఏ మెట్టూ నొక్కొద్దు. కిక్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్, పడ్డప్పుడు మీటాలి, స్నేర్, అంటే పుల్లతో కొట్టే చిన్న డ్రమ్, పడగానే ఆపాలి. అంతే. గంటసేపు. అయిదో నిమిషానికి విసుగు, పదిహేనో నిమిషానికి కోపం. అరగంట దాటాక ఒక తమాషా జరిగింది. సరిగ్గా స్నేర్ పడే చోటే నా తీగ ఆగినప్పుడల్లా ఆ స్నేర్ ఫెటిల్లుమని పేలుతోంది. కాస్త ఆలస్యంగా ఆపితే తడిసిన టపాకాయలా తుస్సుమంటోంది. ఆయన వాల్యూమ్ మారుస్తున్నాడేమోనని అనుమానం వచ్చి చూశాను. ఆయన కాఫీ తాగుతున్నాడు. ఇంజనీరు బుద్ధి కదా, ఫోన్లో రికార్డ్ చేసుకుని ఇంటికెళ్లి కొలిచాను కూడా. స్నేర్ మట్టం ప్రతిసారీ ఒకటే. మారిందల్లా దాని ముందున్న ఖాళీ.

"మొదలుపెట్టడం ఎవడైనా చేస్తాడు. ఎక్కడ ఆపావో చూసి చెప్తాను నీకు బేస్ వచ్చో రాదో" అంటాడాయన. ఇంకా చాలా అంటాడు. టోన్ కోసమని డబ్బు తగలెయ్యొద్దు, అది వేలి కొసలో ఉంటుంది, దుకాణంలో ఉండదు. కొత్త తీగలు పళ్లెం కింద పడ్డట్టు మోగుతాయి, ఫ్లాట్‌వౌండ్ అనే నున్నటి తీగలు వేసి ఇక వాటిని మార్చొద్దు. బొటనవేలితో కొట్టే స్లాప్ అంటే సర్కస్. అయిదు తీగల బేస్ వాయించేవాడికి నాలుగింటితో ఏం చెయ్యాలో తెలియలేదన్నమాట. ఈ చివరిది నేనొప్పుకోను. ఇప్పటి మన సినిమా పాటల్లో సింథ్ బేస్, అంటే కీబోర్డు మీద వాయించే బేస్, 'E' తీగ కంటే కిందకి దిగిపోతుంటే నాలుగు తీగలవాడు ఏం చేస్తాడు? ఆ మాటే అన్నాను. "ఆ పాట వాయించకు" అన్నాడు.

ఈ అభిప్రాయాలన్నిటి వెనకా ఒక మనిషి ఉన్నాడు, జేమ్స్ జేమర్సన్. డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద మామూలు ఇల్లొకటి ఉంది, ఇప్పుడు మ్యూజియం. బెర్రీ గోర్డీ 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టిన మోటౌన్ రికార్డుల కంపెనీ అక్కడే నడిచింది. కింద చిన్న స్టూడియో, వాద్యకారులు దాన్ని పాముల గొయ్యి అనేవాళ్లు. అరవైల్లో ఆ గోతిలోంచి బయటికొచ్చిన పాటల్లో చాలావాటికి బేస్ జేమర్సన్‌దే. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ అనే బేస్ గిటార్, మీటడానికి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ వేలికి 'కొక్కెం' అని పేరు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. మా పెద్దాయన పదహారేళ్లప్పుడు, లోపలికి రానిచ్చే వయసు కాదు గనక, ఒక క్లబ్బు వెనక తలుపు దగ్గర చలిలో నిలబడి ఆయన్ని విన్నాడట. తలుపు వేసుంటే పాట వినపడదు, సాక్సఫోన్ వినపడదు. బేస్ ఒక్కటే గోడలోంచి వస్తుంది.

ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే నా ఉద్యోగమే అది. కార్లో చప్పుడూ వణుకూ తగ్గించే విభాగంలో ఉన్నాను. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 40 సార్లు మండుతుంది. నెమ్మదిగా ఎత్తెక్కేటప్పుడు కారు లోపల హుమ్మని చెవులు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది చూడండి, అదే. కారు నేల కిందా తలుపులకీ సెన్సర్లు అంటించి, అది ఏ దారిన లోపలికొస్తోందో పట్టుకుని చంపడానికి నాకు జీతం. బేస్ 'E' తీగ 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. ఈ లెక్క ఆయనకి చెప్తే చాలాసేపు నావైపు అదోలా చూశాడు. "అంటే నువ్వు పగలంతా నన్నే చంపుతున్నావన్నమాట" అన్నాడు.

మనకి ఇదంతా కొత్త కాదని చెప్పాలనిపించింది. ఆయనకి చెప్పాలనో, నాకు నేను చెప్పుకోవాలనో. మా పెద్దమ్మ సంగీత కళాశాలలో నేర్చుకున్న మనిషి, పాడగలదు కూడా. కానీ నేనెరిగినంతవరకు ఎప్పుడూ కచేరీల్లో ఎవరో ఒకరి వెనక తంబురా పట్టుకుని కూర్చునేది. కరపత్రంలో ఆవిడ పేరుండేది కాదు. మైకువాడు ఆవిడ వైపు వచ్చేవాడు కాదు. ఒక శ్రీరామనవమి పందిట్లో, కచేరీ మధ్యలో తీగ తెగింది. పాడుతున్నాయన రాగం మధ్యలో ఆగిపోయి, ఆ సాయంత్రం మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. ఇది చెప్తే పెద్దాయన తొడ మీద చరిచాడు. "ఆవిడ బేస్ ప్లేయర్!" పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "ఎవరు నాన్నా, నల్లాయనా? భోజనానికి పిలిచావా మరి?" అంది. పిలవలేదు. ఏడాదిన్నర అయింది, పిలవాలని తోచలేదు. అదింకో సిగ్గు.

అయితే ఆయన అన్న ఒక మాట మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. "నువ్వు లెక్కపెడుతున్నావు, నాకు వినపడుతోంది" అంటాడు. నా కుడికాలి బొటనవేలు ఆదితాళం వేస్తుంటుంది, నిజమే. చిన్నప్పుడు రెండేళ్లు మృదంగానికి పంపారు, ఆ వేలు అప్పటినుంచీ నా మాట వినదు. లెక్క తప్పెలా అవుతుంది? లెక్క ఒంట్లోకి ఇంకిపోవడానికే కదా మనం తొడ మీద తాళం వేసుకుంటూ పెరిగేది? ఆయనకి "ఒకటి", అంటే మొదటి దెబ్బ, ఎక్కడుందో తెలిస్తే చాలు, కిక్‌తో పాటు దాని మీద దిగితే చాలు. నేను దేశాది తాళం గురించి చెప్పాను. తాళం సమం మీద, అంటే మొదటి దెబ్బ మీద పడుతుంది, కానీ పాట రాదు, ఒకటిన్నర అక్షరం ఆగి అప్పుడు ఎత్తుకుంటారు, త్యాగరాజస్వామి కృతులు ఎన్నో అలా ఉంటాయి అన్నాను. చేతితో వేసి చూపించాను. ఆయన మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. "చెయ్యి పడుతుంది, నోరు ఆగుతుంది" అని తనలో తనే అనుకుని, "మరి ఇంత తెలిసినవాడివి నీకు ఆగడం ఎందుకు రాదు?" అన్నాడు. వాదన గెలిచాననుకున్నప్పుడే ఇలా చేస్తాడు.

మార్చిలో ఆయన ట్రక్కు షెడ్డుకెళితే నేను దింపడానికి వెళ్లాను. కార్లో నా పాటలే మోగుతున్నాయి, ఎనభైల నాటి ఇళయరాజా. నేను గమనించలేదు. ఆయన చెయ్యి ఎత్తాడు, మాట్లాడకు అన్నట్టు. పాట అయిపోయింది. మళ్లీ పెట్టమన్నాడు. ఇల్లు వచ్చింది, దిగలేదు. నాలుగుసార్లు విన్నాడు, ఇంజన్ ఆపేసి మరీ. రెండోసారికే ఎడమచేతి వేళ్లు మోకాలి మీద మెట్లు వెతుక్కుంటున్నాయి. రాజా ప్రతి వాద్యానికీ ఏం వాయించాలో తనే కాగితం మీద రాసిస్తాడని చెప్పాను. నమ్మాడు, కానీ తృప్తి పడలేదు. "రాసిందెవరో చెప్పావు. ఈ వేళ్లు ఎవరివి?"

నాకు తెలియదు. ఆ కాసెట్ మా ఇంట్లో అరిగిపోయేదాకా విన్నాం. పాడినవాళ్ల పేర్లు, రాసినాయన పేరు, ఆఖరికి హీరో ముఖం, అన్నీ ఉండేవి అట్ట మీద. బేస్ పట్టుకుని బేస్ మీద కబుర్లు చెప్పే నేను ఒక్కసారి కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. ఉక్రోషం వచ్చింది. "మీవాళ్లూ అంతే కదా, 1971లో గాయకుడు మార్విన్ గే రికార్డు వచ్చేదాకా మోటౌన్ అట్టల మీద వాయించినవాళ్ల పేర్లున్నాయా?" అన్నాను. లేవన్నాడు. మరుసటేడు కంపెనీ లాస్ ఏంజెలిస్‌కి వెళ్లిపోయిందనీ, జేమర్సన్ కూడా వెళ్లి అక్కడ కలిసిరాక 1983లో 47 ఏళ్లకే పోయాడనీ చెప్పాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు పెట్టింది 2000లో. ఇవన్నీ నన్ను తప్పుపట్టినట్టు కాకుండా, ఎవరో చుట్టం సంగతి చెప్పినట్టు చెప్పాడు. నా ఉక్రోషానికి చోటు లేకుండా పోయింది.

ఆ రాత్రే విజయవాడలో ఆర్కెస్ట్రా నడిపిన స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడికి తెల్లవారుతోంది. "ఇది తెలియకుండానే బేస్ పట్టుకున్నావట్రా?" అని తిట్టి, "ఆ రోజుల్లో రాజాగారి దగ్గర బేస్ అంటే శశి. శశిధరన్" అన్నాడు.

ఉగాది కార్యక్రమంలో నా సంగతులన్నీ తీసేశాను. కార్యక్రమం అయ్యాక పులిహోర వరసలో మా వీధిలో ఉండే ఒకావిడ, "మీరూ స్టేజీ మీదున్నారు కదా అన్నయ్యా, ఏం వాయించారు?" అని అడిగింది. బేస్ అన్నాను. "అవునా, పాట మటుకు ఎందుకో ఈసారి భలే నిండుగా ఉంది" అంది. పెద్దాయన రాలేదు, మోకాళ్ల నొప్పి.

మరుసటి శనివారం పులిహోర డబ్బాతో వెళ్లాను. గరాజ్ గోడ మీద పనిముట్ల పైన మాస్కింగ్ టేప్ ముక్కలు వరసగా అంటించి ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో బేస్ ప్లేయర్ పేరు మార్కర్‌తో రాసి. మొదటిది జేమర్సన్. నేను పేరు చెప్పగానే ఆయన టేప్ చింపి బల్ల మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని, అక్షరాలు ఒక్కొక్కటే చెప్పమన్నాడు. ఎస్, ఏ, ఎస్, ఐ. పైకి చదివాడు. తప్పు. 'ధ' ఒత్తాలన్నాను. మళ్లీ చదివాడు. నాలుగోసారికి దాదాపు వచ్చింది. జేమర్సన్ కిందనే అంటించి, బొటనవేలితో నొక్కి, దూరం జరిగి వంకర ఉందేమో చూసుకున్నాడు.

"సరే, వీ, బేస్ తియ్యి" అన్నాడు.