సంచితో ఇంటి ప్రయాణం

ప్రోస్టేట్ గ్రంథి తొలగించిన మూడో రోజున ఇంటికి పంపిస్తామని డాక్టరు గారు అన్నప్పుడు నాకు ముందుగా కలిగింది సంతోషం కాదు, మూత్రపు గొట్టంతో హైదరాబాదు నుంచి సూర్యాపేట దాకా సుమారు 135 కిలోమీటర్లు ఎలా కూర్చోవాలన్న బెంగ. ప్యాంటు సంగతి మరచి లుంగీ కట్టుకున్నాను. నర్సమ్మ గొట్టాన్ని కాస్త వదులుగా ఉంచి తొడకు ప్లాస్టరుతో అతికించి, మూత్రం చేరే సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందనే ఉండాలని, లేకపోతే మూత్రం వెనక్కి మళ్లుతుందని రెండుసార్లు హెచ్చరించింది.

సీటు బెల్టుకూ పొట్టమీది కుట్లకూ మధ్య మా ఆవిడ చిన్న తలగడ పెట్టింది. ఆసుపత్రి వారిచ్చిన కాగితంలో ఈ ఉపాయం లేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా చౌటుప్పల్ దగ్గర ఒకసారి, నకిరేకల్ దగ్గర ఒకసారి దిగి, సంచి చేత్తో పట్టుకుని నాలుగడుగులు నడిచాను. చూసేవాళ్లు చూశారు.

మూత్రం లేత గులాబీ రంగులో వస్తే నీళ్లు ఎక్కువగా తాగితే చాలునని, గడ్డలు పడి గొట్టం మూసుకుపోయినా, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే రావాలని ముందే చెప్పారు. విరేచనానికి ముక్కకూడదు కనుక రాత్రిపూట ఇసబ్‌గోల్ తాగాను. ఆరు వారాలు బిందె కూడా ఎత్తలేదు. పదో రోజున గొట్టం తీశాక దగ్గినా, లేచినా చుక్కలు పడేవి. ప్యాడ్లు పెట్టుకుంటూ, మూత్రాన్ని ఆపుకునే కండరాలను రోజూ బిగించి వదిలే వ్యాయామం ఇప్పటికీ చేస్తున్నాను.