అప్పు తీరిన దేశంలో ఆకలి

అప్పులేనివాడే అధిక సంపన్నుడన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. తమ దేశం విదేశీ రుణాన్నంతా తీర్చేసిందని 1989 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు నియంత నికొలాయ్ చౌషెస్కు ప్రకటించిన నాటి రుమేనియా గురించి చదివాక ఆ మాటపై నాకు నమ్మకం సడలింది.

1970లలో పాశ్చాత్య దేశాల నుంచి తెచ్చిన అప్పును ఉక్కు పరిశ్రమకూ, స్వదేశంలో దొరికే ముడిచమురు ఏ మూలకూ చాలనంత పెద్ద శుద్ధి కర్మాగారాలకూ ధారపోశారు. చమురు ధరా వడ్డీ రేటూ కలిసికట్టుగా పెరగడంతో 1980ల ఆరంభానికి ఆ అప్పు దాదాపు వెయ్యి కోట్ల డాలర్లయింది. దానిని త్వరగా వదిలించుకోవాలని నిర్ణయించినది ఒక్క మనిషి. తీర్చినది సుమారు రెండు కోట్ల ముప్పై లక్షల మంది.

తీర్చినది నోటి దగ్గర కూడు తీసి. మాంసం ఎగుమతికి పోగా రొట్టె, నూనె, చక్కెర రేషన్‌కు వచ్చాయి; పైగా ప్రజలు అతిగా తింటున్నారంటూ 1982లో ‘శాస్త్రీయ పోషణ’ కార్యక్రమం ఒకటి వెలువడింది. దేశం దాటకుండా దుకాణాల్లో మిగిలే పంది కాళ్లకు జనం ‘అడిడాస్’ అని పేరు పెట్టుకున్నారు. (ఎంత ఆకలిలోనైనా హాస్యం చావదు కాబోలు.) చలికాలంలో ఇళ్లు వెచ్చబడేవి కావు, పనిదినాల్లో టెలివిజన్ రెండు గంటలే, అందులోనూ అధికభాగం నాయకుడి కీర్తనే.

అంతకు చాలా ముందే, 1966లో, జనాభా పెంచాలని గర్భస్రావాన్ని చాలావరకు నిషేధించారు. మరుసటి ఏడాది జననాలు దాదాపు రెట్టింపయ్యాయి. ఆ తరువాత చాటుమాటు గర్భస్రావాలతో ఎందరో స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. పెంచలేక వదిలేసిన పిల్లలతో అనాథాశ్రమాలు నిండిపోయాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం ధాన్యం లెక్క. 1989లో ఆరు కోట్ల టన్నులు పండిందని ప్రభుత్వం చాటింది. నిజానికి పండినది అందులో మూడో వంతు కూడా లేదు. పైవాడికి చేదు నిజం చెప్పే ధైర్యం కింది అధికారులలో ఎవరికీ లేనప్పుడు, అంకెల మీదనే నడవవలసిన ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థకు కళ్లు ఎక్కడివి? ప్రశ్నించే రాతలకు జడిసి, సొంత టైప్‌రైటర్లను కూడా పోలీసుల వద్ద నమోదు చేయించుకోవాలని 1983లో శాసించిన రాజ్యమది.

అప్పు తీరాకా రేషన్ సడలలేదు. 1989 డిసెంబరులో తిమిషోవారా నగరంలో మొదలైన తిరుగుబాటు పది రోజుల్లోనే చౌషెస్కును మరణశిక్ష దాకా తీసుకువెళ్లింది. మరునాడే, డిసెంబరు 26న, కొత్త ప్రభుత్వం రద్దు చేసిన శాసనాలలో గర్భస్రావ నిషేధమూ టైప్‌రైటర్ల నమోదూ ఉన్నాయి.