బలి దానంలో ‘న మమ’ ఎక్కడుంది?

వామన జయంతి, అంటే భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, పోతన భాగవతం 8వ స్కంధం తెరిచేవాళ్ళలో చాలామంది ‘ఇంతింతై వటుఁడింతయై’ కోసమే తెరుస్తారు. వటువు బ్రహ్మాండమంతా నిండే ఆ పద్యం గొంతెత్తి పాడుకోవడానికి బాగుంటుంది, కాదనలేం. బలి ఎలాంటివాడో తెలియాలంటే మాత్రం అంతకు ముందే, ధార పడే చోట ఆగాలి. ఆ చోటు అర్థం కావాలంటే అసలు దానం ఎలా ఇస్తారో కాస్త తెలిసి ఉండాలి.

దాత తూర్పు ముఖంగా, పుచ్చుకునేవారు ఉత్తర ముఖంగా కూర్చుంటారు. ముందు పుచ్చుకునేవారి కాళ్ళు కడిగి, గంధం, అక్షతలు సమర్పించాలి. తర్వాత దేశకాలాలు, గోత్రనామాలు చెప్పుకుని, దర్భ పట్టుకుని, ఉద్ధరిణితో వేసిన నీళ్ళను కుడిచేతి వేళ్ళ కొసల మీదుగా వదలాలి. అప్పుడు అనవలసిన మాట ‘తుభ్యమహం సంప్రదదే, న మమ’. నీకు ఇస్తున్నాను, ఇది ఇక నాది కాదు అని. దక్షిణ చేరితేనే దానం పూర్తయినట్టు.

తప్పులు జరిగేది ఇక్కడే. తొందరలో నీళ్ళు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జారిపోతాయి. అది పితృతీర్థం, తర్పణాలకు వాడే దారి. ఇంకొకటి, ‘న మమ’ అని పురోహితుడొక్కడే అంటాడు, దాత పెదవి కదపడు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మూడోది. నీళ్ళు వదిలిన మరుక్షణమే ‘ఈ పంచె మీరే కట్టుకోవాలి సుమండీ, ఎవరికీ ఇచ్చెయ్యకండి’ అనడం. నాది కాదన్న వస్తువు మీద ఇంకా పెత్తనమేమిటి?

ఇప్పుడు నర్మదా తీరాన బలి యజ్ఞశాలలోకి వద్దాం. భర్త కనుసన్న తెలుసుకుని వింధ్యావళి బంగారు బిందెతో నీళ్ళు తెచ్చింది. వటువు కాళ్ళు కడగడం అయింది. బలి అన్న మాట ఇది:

విప్రాయ ప్రకటవ్రతాయ భవతే విష్ణుస్వరూపాయ వే
దప్రామాణ్యవిదే త్రిపాదధరణిం దాస్యామి

విష్ణుస్వరూపుడవైన నీకు మూడడుగుల నేల ఇస్తాను అని. తెలుగు పద్యంలో పోతన సంకల్పాన్ని సంస్కృతంలోనే ఉంచాడు, క్రతువులో ఆ మాట అలాగే వినపడాలి కాబట్టి. ‘విష్ణుస్వరూపాయ’ అన్నది చూడండి. పుచ్చుకునేవాడు ఎవరైనా సరే, విష్ణుస్వరూపుడిగా భావించి ఇవ్వాలన్నది దానవిధి, అందుకే సంకల్పంలో ఆ మాట అలవాటుగా దొర్లిపోతుంది. ఎదురుగా ఉన్నది విష్ణువేనని శుక్రాచార్యుడు అప్పటికే చెప్పేశాడు. అందరి నోటా భావనగా ఉండే మాట, బలి నోట అక్షరసత్యమైంది. తెలిసే ఇచ్చాడు, మోసపోయి కాదు.

కానీ ఈ సంకల్పంలో ‘దాస్యామి’ ఉంది, ‘న మమ’ లేదు. ఇస్తాను అన్నాడు, నాది కాదు అనలేదు. ఛందస్సులో చోటు చాలక వదిలేశాడని ఎవరైనా అనవచ్చు. పోతన లాంటివాడికి మూడక్షరాలకు చోటు దొరకదా? ఆ మాట కథలో ఇంకా రావలసి ఉంది.

ఎందుకు రాలేదో తెలియడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. శుక్రుడు బతిమాలి, బెదిరించి, చివరికి విసుగ్గా ‘వలదీ దానము గీనము’ అంటాడు. మన ఇళ్ళల్లో ‘పెళ్ళీ గిళ్ళీ’ అన్నట్టే, తీసిపారేసే ధోరణి. దానికి బలి జవాబు:

ఆదిన్ శ్రీసతి కొప్పుపైఁ, దనువుపై, నంసోత్తరీయంబుపైఁ,
బాదాబ్జంబులపైఁ, గపోలతటిపైఁ, బాలిండ్లపై నూత్నమ
ర్యాదం జెందు కరంబు క్రిందగుట మీఁదై నా కరంబుంట మేల్
గాదే? రాజ్యము గీజ్యమున్ సతతమే? కాయంబు నాపాయమే?

గురువుగారి ‘గీనము’కు శిష్యుడి ‘గీజ్యము’! శార్దూలం లాంటి బరువైన వృత్తంలో, చక్రవర్తి తన రాజ్యాన్ని వీధిమాటతో పక్కకు నెట్టేశాడు. చదివేటప్పుడు రెండు చోట్ల తడబడతారు. రెండో పాదం చివర ఊపిరి తీసుకుంటే ‘నూత్నమర్యాద’ నడిమికి తెగిపోతుంది, కాబట్టి మూడో పాదంలోకి ఒక్క ఊపిరిలో దాటాలి. చివర ‘నాపాయమే’ని ‘నా’, ‘పాయమే’ అని విడదీస్తే అర్థమే పోతుంది. న, అపాయము కలిసి నాపాయము. ఈ ఒళ్ళు చెడనిదా అని ప్రశ్న.

ఇక పద్యం లోపలికి. ‘పై’ అన్న మాట ఆరుసార్లు వస్తుంది. లక్ష్మి కొప్పు మీద, మేని మీద, పైట మీద, పాదాల మీద, చెక్కిలి మీద, చన్నుల మీద. ఎప్పుడూ పైనుండే విష్ణువు చెయ్యి అది. ఏడోసారి ‘క్రింద’ అవుతుంది, దాని మీద బలి చెయ్యి. భక్తి సభల్లో కొందరు మొహమాటపడి ‘పాలిండ్లు’ దగ్గర గొంతు తగ్గిస్తారు. తగ్గించక్కర్లేదు. సిరికి మగడు యాచించడానికి చెయ్యి చాచాడన్న వింతకు బరువు రావాలంటే ఆ చెయ్యికి ఉన్న చనువంతా కనపడాలి.

అయితే ఈ పద్యంలో భక్తి ఎంతుందో అతిశయమూ అంతే ఉందని నా అభిప్రాయం. ‘మీఁదై నా కరంబుంట’ అన్నాడుగా! ‘కారే రాజులు’ పద్యంలోనూ అతని ఉదాహరణ శిబి, అతని మాట ‘యశఃకాములై’, అంటే కీర్తి కోరి. సిరిని మూటగట్టుకుపోలేమని తెలుసు, పేరు మిగులుతుందనీ తెలుసు. రాజ్యం మీద ఆశ పోయింది, ఇచ్చేవాడిననే భావం పోలేదు. ‘నా చెయ్యి పైన’ అనుకుంటున్నంతసేపూ ‘న మమ’ రాదు.

శుక్రుణ్ణి దుర్మార్గుడిగా చూపించే నాటకాలంటే నాకు గిట్టదు. అతను చెప్పిందంతా జరిగింది. ఈ కుబ్జుడు త్రివిక్రముడై బ్రహ్మాండం నిండుతాడన్నాడు, నిండాడు. లెక్క తప్పని మంత్రి అతను. అతని లెక్కలో ఇవ్వడానికే చోటు లేదు, అంతే. కలశం కొమ్ముకు అడ్డుపడి, దర్భమొనతో కన్ను పోగొట్టుకున్న ఘట్టం వ్యాసుడి మూలంలో లేదు, తెలుగులో ఉంది. మరొక మాట. కొన్ని సందర్భాల్లో బొంకవచ్చనే ‘వారిజాక్షులందు’ పద్యాన్ని అబద్ధానికి పోతన ఇచ్చిన అనుమతిపత్రంలా వాడేస్తుంటారు. అది శుక్రుడి వాదం. బలి దాన్ని ఒప్పుకోలేదు.

రెండడుగులకు భూమీ ఆకాశమూ అయిపోయాక గరుత్మంతుడు బలిని వరుణపాశాలతో కట్టేశాడు. ‘నిరయంబైన, నిబంధమైన’ (నరకమైనా, కట్టివేతైనా) అని శుక్రుడి ముందు తానే ఏకరువు పెట్టినవాటిలో ఒకటి ఒంటిమీదికి వచ్చింది. ఆ తర్వాత వింధ్యావళి ముందుకొస్తుంది. లోకాలన్నీ నీ ఆటకోసం ఉన్నవి, వాటికి మేము ప్రభువులమనుకోవడం తెలివితక్కువ అని మొదలుపెట్టి,

కాదనఁడు పొమ్ము లే దీ
రా దనఁడు జగత్త్రయైకరాజ్యము నిచ్చెన్
నా దయితుఁ గట్ట నేటికి?
శ్రీదయితాచిత్తచోర! శ్రితమందారా!

అని నిలదీస్తుంది. బలి పద్యం ‘శ్రీసతి’తో మొదలైతే ఈమె పిలుపు ‘శ్రీదయితాచిత్తచోర’. భార్య మనసు దొంగిలించినవాడివి, ఇంకో ఆడదాని మనసు నీకు తెలియదా అన్న ఎత్తిపొడుపు అందులో ఉంది. అంతకన్నా ముఖ్యం, లోకాలు మావి కావన్న మాట ఆ ఇంట్లో నోరు విప్పి అన్నది ఆమె. కాళ్ళు కడగడానికి నీళ్ళు తెచ్చింది ఈమే, సంకల్పంలో లోపించిన మాట పలికిందీ ఈమే.

బలి మాత్రం దాన్ని మాటతో అనలేదు. ఆమె రాకముందే, మూడో అడుగుకు చోటు అడిగితే ఇలా అన్నాడు:

సూనృతంబు గాని సుడియదు నా జిహ్వ
బొంకఁజాల నాకు బొంకు లేదు
నీ తృతీయపదము నిజము నా శిరమున
నెలవు సేసి పెట్టు నిర్మలాత్మ!

‘ఆదిన్ శ్రీసతి’నీ దీన్నీ పక్కపక్కన పెట్టుకుని పైకి చదివి చూడండి. మొదటిది పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి, సభలో నిలబడి చెప్పే శార్దూలం. ఇది నాలుగు చిన్న పాదాల ఆటవెలది. అక్కడ సమాసాలు, ఎదురుప్రశ్నలు, గీజ్యాలు. ఇక్కడ పొడి మాటలు, ఒక్క ప్రశ్న కూడా లేదు. అక్కడ అతని చెయ్యి విష్ణువు చేతి మీద ఉంది. ఇక్కడ అదే విష్ణువు పాదం కింద తల పెట్టి, ‘నెలవు సేసి పెట్టు’ అంటున్నాడు. నెలవు అంటే ఇల్లు.