ఎనిమిది వందల రూపాయల బకాయి: ఒక వైద్య పరికరం లైసెన్సు కోసం రెండేళ్లు

పోయిన మంగళవారం మధ్యాహ్నం చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. సెలైన్ బాటిల్ అయిపోయే ముందే మోగే ఒక చిన్న పరికరం పేటెంటుకు లైసెన్సీగా, అంటే దాన్ని తయారుచేసే హక్కు తీసుకున్నవాళ్లుగా, మా కంపెనీ పేరు రిజిస్టరులో ఎక్కిందట. షెడ్డులో మిషన్ల మోత మధ్య నిలబడి రెండుసార్లు చదివాను. మొత్తం రెండేళ్లు పట్టింది. అందులో ఏడాదికి పైగా నేను చేయని తప్పుకే పోయింది. ఆ మంట ఆరకముందే రాసేస్తున్నాను. విశ్వవిద్యాలయాల్లో పుట్టిన వైద్య పరికరాలను బయటికి తెచ్చి తయారు చేద్దామనుకునేవాళ్లకు ఎక్కడో ఒకచోట పనికొస్తుంది.

నేను బయోమెడికల్ ఇంజనీర్‌ని. పదమూడేళ్లు ఆసుపత్రుల్లో మానిటర్లు, ఇన్‌ఫ్యూజన్ పంపులు (సెలైన్, మందులు కొలిచి ఎక్కించే యంత్రాలు) బాగుచేస్తూ తిరిగాను. ఇప్పుడు బాలానగర్‌లో మా బాబాయి కొడుకుతో కలిసి చిన్న యూనిట్ నడుపుతున్నాను. వాడు డై (అచ్చుల) పని నేర్చినవాడు, చేతిలో పనితనం ఉంది.

మా అమ్మ టైఫాయిడ్‌తో వార్డులో ఉన్నప్పుడు మూడు రాత్రులు సెలైన్ బాటిల్ వంక చూస్తూ కూర్చున్నాను. మన దగ్గర జనరల్ వార్డుల్లో జరిగేదే ఇది. అన్ని మంచాలకూ కలిపి ఒకరో ఇద్దరో సిస్టర్లు ఉంటారు. బాటిల్ అయిపోతోందని చెప్పాల్సింది మంచం పక్కనున్న మనిషే. మూడో రాత్రి నాకు కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి బాటిల్ ఖాళీ. చేతి దగ్గర గొట్టంలో జానెడు మేర రక్తం పైకెక్కి ఉంది. అమ్మకు ఏమీ కాలేదు, సిస్టర్ పరిగెత్తుకొచ్చి సరిచేసింది. కానీ ఆ ఎర్రటి గొట్టం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పంపులు బాగుచేసేదాన్ని కదా, మంచానికో పంపు పెట్టలేరన్న సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అందుకే ఒక విశ్వవిద్యాలయం బ్రోచర్‌లో ఆ నాలుగు లైన్లు కనిపించగానే ఆగిపోయాను. సెలైన్ చుక్కలను లెక్కపెట్టి, బాటిల్ అయిపోయే ముందే మోగే చిన్న పరికరం. డ్రిప్ చాంబర్‌కు, అంటే బాటిల్ కింద చుక్కలు పడే చిన్న గొట్టానికి, తగిలిస్తే చాలు. కింద చిన్న అక్షరాల్లో ‘పేటెంట్ మంజూరైంది, లైసెన్సుకు అందుబాటులో ఉంది’ అని ఉంది.

మొదటి మెట్లు తేలిగ్గానే ఎక్కాం. మెయిల్ పెట్టాం, జవాబు వచ్చింది, గోప్యత ఒప్పందం మీద సంతకాలయ్యాయి, ల్యాబ్‌కు రమ్మన్నారు.

ల్యాబ్‌లో ప్రొఫెసర్ గారు, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన అబ్బాయి పరికరాన్ని చూపించారు. త్రీడీ ప్రింటర్‌లో తీసిన తెల్లటి క్లిప్పు. ఒకవైపు చీలిపోతే రబ్బరు బ్యాండు చుట్టారు. ఒక పక్క ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఎదురుగా సెన్సర్. మధ్యలో చుక్క పడ్డప్పుడల్లా వెలుగు తెగుతుంది, లెక్క పెరుగుతుంది. మామూలు సెలైన్ సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. టేబుల్ మీద చక్కగా పనిచేసింది. కిటికీ పక్కకు తీసుకెళ్తే ఎండ తగిలి లెక్క తప్పింది. ఎల్‌ఈడీని ఆపకుండా వెలిగించే బదులు సెకనుకు వేలసార్లు ఆర్పి వెలిగిస్తే ఎండను వేరు చేయొచ్చని ఆ అబ్బాయి అప్పటికే కనిపెట్టాడు. అది పేటెంటులో లేదు, అతని నోటుబుక్కులో ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి. లైసెన్సు పేటెంటుకు మాత్రమే తీసుకుంటే మీ చేతికొచ్చేది సగమే. నోటుబుక్కులు, సర్క్యూట్ ఫైళ్లు, కనిపెట్టినవాళ్లు ఇన్ని రోజులు వచ్చి నేర్పిస్తారన్న మాట, అన్నీ ఒప్పందంలో రాయించుకోవాలి. నేను రాయించుకున్నాను.

బేరం నెల రోజుల్లో తేలింది. ముందుగా నాలుగు లక్షలు, అమ్మకాల మీద మూడు శాతం రాయల్టీ, వీటి మీద 18 శాతం జీఎస్టీ. ఇంకెవరికీ ఇవ్వకుండా ఏడేళ్లు మాకే. చివరి షరతు మీద వాళ్లు కాసేపు బిగుసుకున్నారు. డైలు చేయించడానికే లక్షలు పోస్తాం, మర్నాడే ఇంకొకరికి లైసెన్సిస్తే మా గతేమిటని అడిగితే ఒప్పుకున్నారు. విశ్వవిద్యాలయం కమిటీ ముందు ఒకసారి కూర్చుంటే సంతకాలే అన్నారు.

కమిటీకి నాలుగు రోజుల ముందు, 2024 జూలైలో ఒక రాత్రి, షెడ్డులో కూర్చుని కాగితాలు సర్దుతున్నాను. తమ్ముడు పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో మా నంబరు కొట్టి చూస్తున్నాడు.

“అక్కా, ఇటు చూడు. ఇదేంటి ఇలా ఉంది?”

చూశాను. రెన్యువల్ ఫీజు కట్టనందున పేటెంటు హక్కు ఆగిపోయిందని ఉంది.

మన దేశంలో పేటెంటు గడువు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు. అయితే మూడో ఏడు నుంచి ఏటా ఫీజు కడుతూ ఉంటేనే అది బతికి ఉంటుంది. గడువు తప్పితే అదనపు రుసుముతో ఇంకో ఆరు నెలలు ఇస్తారు. అదీ దాటితే హక్కు పోయినట్టే. వీళ్లు 2018 మార్చిలో దరఖాస్తు పెట్టారు, 2021 చివర్లో మంజూరైంది. ఆరో ఏటి ఫీజు 2023 మార్చిలోపు కట్టాలి, కట్టలేదు. 2021లో నిబంధనలు మార్చి విద్యాసంస్థలకు ఫీజుల్లో 80 శాతం తగ్గించారు కాబట్టి ఆన్‌లైన్‌లో కడితే ఆ ఏటి ఫీజు 800 రూపాయలే. ప్రభుత్వ డబ్బుతో ఏళ్ల తరబడి చేసిన పరిశోధన 800 రూపాయల దగ్గర ఆగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడే ఒక కన్సల్టెంట్ సంగతీ చెప్పాలి. పేటెంటు అన్ని విధాలా సరిగ్గా ఉందని రిపోర్టు ఇవ్వడానికి మా దగ్గర 60 వేలు తీసుకున్నాడు. 22 పేజీల రిపోర్టులో ‘మంజూరైంది’ అని రాశాడే తప్ప ఈ ఒక్క పేజీ తెరిచి చూడలేదు. ఆ వెబ్‌సైట్ అందరికీ ఉచితం. నంబరు కొడితే ఐదు నిమిషాల పని. దయచేసి మీ కళ్లతో మీరే చూసుకోండి.

కమిటీ రోజు. పదిన్నరకు రమ్మన్నారు, వెళ్లాం. మూడింటి దాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక పెద్ద బల్ల చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. అందరి ముందూ టీ కప్పులు. మాకు కుర్చీలు వెనక గోడ దగ్గర వేశారు. పెద్దాయన నా ఫైలు తెరవకుండానే అడిగాడు.

“మీ టర్నోవర్ ఎంతమ్మా?”

చెప్పాను.

“బాలానగర్ షెడ్డులో వైద్య పరికరాలు చేస్తారా? ఇది యూనివర్సిటీ పేరుతో బయటికెళ్లే వస్తువు.”

దానికీ జవాబు చెప్పాను. నాణ్యత పద్ధతులకు ఐఎస్‌ఓ 13485 కోసం ఎంత పని చేశామో, పరీక్షలు ఎక్కడ చేయిస్తామో చెప్పాను. తరవాత ప్రింటు తీసుకెళ్లిన పేజీ ముందుకు జరిపి, “సార్, సంతకాలకు ముందు ఇది సరిచేయాలి. ఫీజు కట్టలేదు, పేటెంటు ఆగిపోయింది” అన్నాను.

ఆయన కాగితం ముట్టుకోలేదు. “మంజూరు సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు పెట్టాం. ఆగిపోవడమేంటి? రేటు తగ్గించుకోవడానికి ఇలాంటివి తేవడం మాకు తెలియనిది కాదు. ముందు మీ లెక్కలు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి” అన్నాడు. ఇద్దరు నవ్వారు. ప్రొఫెసర్ గారు తల వంచుకున్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి. తెచ్చిన కాగితం అక్కడే వదిలేసి నమస్కారం పెట్టి బయటికొచ్చాను. గేటు బయట బడ్డీకొట్టు దగ్గర తమ్ముడు టీ చెప్పాడు. కప్పు పట్టుకుంటే చెయ్యి వణికింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా నిజాయితీని అంతమంది ముందు ఎవరూ శంకించలేదు.

ఆ బడ్డీకొట్టు దగ్గరే వాడు ఒక మాట అన్నాడు. “అక్కా, హక్కే లేనప్పుడు లైసెన్సు ఎందుకు? ఎవరైనా చేసుకోవచ్చు కదా. మనమే చేసేద్దాం, రాయల్టీ కూడా మిగులుతుంది.”

వాడన్నదాంట్లో చట్టపరంగా తప్పేమీ లేదు. పేటెంటు ఆగిపోయిన కాలంలో ఎవరైనా తయారీ మొదలుపెడితే, తరవాత అది తిరిగి బతికినా వాళ్లకు కొంత రక్షణ ఉంటుంది. అయినా నేను ఒప్పుకోలేదు. ఆ అబ్బాయి తన నోటుబుక్కు మమ్మల్ని నమ్మి తెరిచాడు. గోప్యత కాగితం మీద నా సంతకం ఉంది. రాయల్టీలో కనిపెట్టినవాళ్లకు వాటా వస్తుంది, ఆ డబ్బు అతని కష్టం. ఆ రోజు కాదనగలిగినందుకు నాకు గర్వంగానే ఉంది, దాచుకోను.

ఆగిపోయిన పేటెంటును బతికించడానికి చట్టంలో సెక్షన్ 60 ఉంది. ఆగిపోయిన తేదీ నుంచి 18 నెలల్లోపు ఫారం 15 వేయాలి. మా లెక్కలో 2024 సెప్టెంబరుతో గడువు సరి. చేతిలో రెండు నెలల కంటే తక్కువే ఉంది. పైగా ఆ దరఖాస్తు పేటెంటుదారే వేయాలి, మేం వేయలేం. మమ్మల్ని అవమానించిన చోటికే మళ్లీ వెళ్లి, మీ హక్కు మీరు కాపాడుకోండి అని బతిమాలాలి.

వెళ్లాను, ఐదుసార్లు. ఫీజు కావాలని ఎగ్గొట్టలేదని పేటెంట్ ఆఫీసు కంట్రోలర్‌కు ఆధారాలతో చూపించాలి. అసలేం జరిగిందో విశ్వవిద్యాలయం ఆఫీసులో ఎవరికీ తెలియదు. చివరికి దారి చూపించింది ఒక జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి. భోజనం మానేసి పాత ఫైళ్లన్నీ దించి వెతికింది. పేటెంటు పనులు చూసే ఏజెంటుతో కాంట్రాక్టు ముగిసింది, కొత్తది చేసుకోలేదు. గుర్తుచేసే మెయిళ్లన్నీ అప్పటికే వెళ్లిపోయిన ఒక కోఆర్డినేటర్ చిరునామాకు వెళ్తున్నాయి, ఆ మెయిల్ తెరిచేవాళ్లు లేరు. ఆ మెయిళ్లే మా ఆధారం అయ్యాయి. ఆ అమ్మాయి పేరు రాయకూడదు కానీ, ఈ పరికరం ఒక వార్డులో మోగే రోజు వస్తే మొదటి ఫోను ఆమెకే చేస్తాను.

అఫిడవిట్ మీద అధికారి సంతకానికి మూడుసార్లు తిరిగాం. ఒకసారి ఊళ్లో లేరు, ఒకసారి మీటింగు, మూడోసారి సంతకం పెట్టారు. ఫీజు మంజూరుకు నోటు ఫైలు పెట్టి బల్ల బల్లకూ తిప్పారు. నేను కడతానంటే వద్దన్నారు. గడువుకు తొమ్మిది రోజుల ముందు దరఖాస్తు వెళ్లింది. ఆ తరవాత పేటెంట్ జర్నల్‌లో ప్రకటించారు. ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి రెండు నెలలు ఇచ్చారు, ఎవరూ చెప్పలేదు. 2025లో ఉత్తర్వు వచ్చింది. పాత బకాయిలన్నీ కట్టించాక పేటెంటు మళ్లీ బతికింది. కమిటీ పెద్దాయన క్షమాపణ చెప్పలేదు. సంతకాల రోజు మాత్రం టీ ఇప్పించారు.

ఇంత పట్టుదల ఎందుకని మావాళ్లే అడిగారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ గుండె కవాటం చేస్తే మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది 1990 డిసెంబరులో మొదటి మనిషికి అమర్చారు. టీటీకే సంస్థ దాన్ని తయారుచేసి దేశమంతా పంపింది. మన జీనోమ్ వ్యాలీలో తయారయ్యే రోటావ్యాక్‌కు (పసిపిల్లల విరేచనాల టీకా) మూలమైన వైరస్ ఢిల్లీ ఎయిమ్స్‌లో పసిపిల్లల్లో దొరికింది. పరిశోధన ఒకచోట, తయారీ ఇంకోచోట జరిగినా ఒకరినొకరు నమ్మి పనిచేస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో చూశాం కదా. ప్రభుత్వ సొమ్ముతో పుట్టిన ఆవిష్కరణల కోసం 2008లో ఒక బిల్లు రాజ్యసభకు వచ్చింది, 2014లో వెనక్కి తీసుకున్నారు. దాని మీద అభ్యంతరాలూ ఉన్నాయి, నేను కాదనను. కానీ ఒక ఉమ్మడి పద్ధతి లేక ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయం రూలు దానిదే. ఫీజు తేదీలు చూడటానికి ఒక మనిషిని పెట్టని చోట రంగుల బ్రోచర్లు అచ్చు వేయిస్తున్నారు. ఇది నాకు కోపం తెప్పిస్తుంది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. లైసెన్సు తప్పనిసరిగా రాతలోనే ఉండాలి. సంతకాలయ్యాక ఫారం 16తో పేటెంట్ ఆఫీసులో నమోదు చేయించుకోండి, బద్ధకించొద్దు. ఒప్పందంలో నేను పట్టుబట్టి రాయించిన షరతు ఒకటుంది. ప్రతి ఏడూ గడువుకు రెండు నెలల ముందు వాళ్లు ఫీజు రశీదు పంపాలి. పంపకపోతే మేమే కట్టి రాయల్టీలో తగ్గించుకుంటాం. క్లెయిములు, అంటే పేటెంటు రక్షణ దేనికో చెప్పే వాక్యాలు, కూడా మాట మాటా చదవండి. మా పేటెంటులో సెన్సర్ డ్రిప్ చాంబర్ మీద ఉంటేనే రక్షణ, కింద గొట్టానికి పెడితే లేదు. అది చూసుకోకుండా డిజైన్ మార్చి ఉంటే డబ్బు కట్టి కూడా హక్కు లేకుండా పోయేది.

ఇంకా చాలా పని ఉంది. వైద్య పరికరాల నిబంధనలు, 2017 ప్రకారం పరీక్షల కోసం కొన్ని తయారు చేసుకోవాలన్నా ముందు అనుమతి కావాలి. అందుకు ఎండీ-12 అనే ఫారంలో దరఖాస్తు సిద్ధం చేస్తున్నాం. తరవాత విద్యుత్ భద్రత పరీక్షలు, వాటికి విశాఖ మెడ్‌టెక్ జోన్‌కు వెళ్లాలి. మోగకూడనప్పుడు మోగే అలారం ఇంకా రోజుకు ఒకటి రెండు వస్తోంది. చాంబర్ గోడకు ఆవిరి పడితే చుక్క కనిపించడం లేదు, ఆ అబ్బాయి ఆదివారాలు వచ్చి దాని మీదే కూర్చుంటున్నాడు.

తొమ్మిదో ఏటి ఫీజుకు ఈ మార్చి గడువు. 2,400 రూపాయలు. విశ్వవిద్యాలయం నుంచి రశీదు నిన్న వచ్చింది, పంపింది ఆ అసిస్టెంట్ అమ్మాయే. ప్రింటు తీసి షెడ్డులో డై రాక్ పక్కన గోడకు అతికించాను.