వాల్వుకి ఒక సాకెట్

తాతయ్య రేడియోలో ఈఎల్84 వాల్వు, అంటే శబ్దాన్ని పెంచే తొమ్మిది పిన్నుల గాజు గొట్టం, కూర్చునే సాకెట్ వదులైపోయింది. వాల్వుని కాస్త కదిపితే పాట, వదిలేస్తే గరగర. కొత్తది నేనే చేద్దామని పట్టుబట్టి కూర్చున్నాను.

మొదట త్రీడీ ప్రింటర్‌లో పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో చేశాను. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఈ వాల్వు లోపల వేడెక్కే తీగ, ఫిలమెంటు, ఒక్కటే 6.3 వోల్టుల మీద 0.76 ఆంపియర్లు లాగుతుంది, అంటే దాదాపు 5 వాట్ల వేడి. అరగంటకే సాకెట్ వంగిపోయింది. తర్వాత గ్లాస్ ఎపాక్సీ బోర్డు ముక్కకి 36 డిగ్రీలకొకటి చొప్పున తొమ్మిది రంధ్రాలు వేశాను, పదో చోటు ఖాళీ. ఫాస్ఫర్ బ్రాంజ్ రేకుని సన్నటి గొట్టాల్లా చుట్టి పిన్నుల్ని పట్టుకునే క్లిప్పులు చేశాను. ఖర్చు 40 రూపాయలు కూడా కాలేదు.

అసలు కష్టమంతా క్లిప్పు పట్టు దగ్గరే. వదులైతే, అర ఓమ్ రెసిస్టెన్స్ చాలు, ఫిలమెంటుకి 0.38 వోల్టు తగ్గిపోతుంది. బిగుతైతే పిన్ను మొదట్లో గాజు చిట్లుతుంది. ఒక మంచి వాల్వు అలాగే పోయింది, ఆ రోజు అన్నం సయించలేదు. చివరికి క్లిప్పుల్ని బోర్డుకి అతికించకుండా వెంట్రుకవాసి ఆడేలా వదిలాను. పిన్నులు వాటి దారి అవే వెతుక్కున్నాయి.

నిన్న రాత్రి వాల్వులో ఎర్రటి వెలుగు నిలకడగా నిలబడింది. నానమ్మ వచ్చి పక్కన కూర్చుని, "కొంచెం సౌండ్ పెంచరా" అంది.