పెద్ద టీవీ కొనేముందు ముందుగా హాలును చూడాలి

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో 43 అంగుళాల దగ్గర ఆగుదామనుకున్నవారు కూడా ఇప్పుడు 55 వైపు చూస్తున్నారు. మా ఇంట్లోనూ అదే చర్చ నడిచింది. నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల దుకాణాలు తిరిగి, పెట్టెల మీది అంకెలను పోల్చి చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఒకటే: పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన గుణాల కంటే, అక్కడ రాయని గుణాలే మన హాలులో ఎక్కువ పనికొస్తాయి.

పరిమాణం సంగతి త్వరగా తేలిపోతుంది. పెట్టె మీద 139 సెంటీమీటర్లు అని ఉండేది తెర కర్ణం కొలతే గాని వెడల్పు కాదు. 55 అంగుళాల టీవీ తెర దాదాపు 122 సెంటీమీటర్ల వెడల్పు, 69 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 65 అంగుళాలదైతే వెడల్పు 144 వరకు పోతుంది. పాత టీవీ కొలతకు వడ్రంగితో చేయించిన షోకేసు ఉన్నవారు బయలుదేరే ముందే టేపు పెట్టి చూసుకోవాలి. గోడకు బిగించకుండా బల్ల మీద పెట్టేవారు కాళ్ల మధ్య దూరం కూడా అడగాలి, ఎందుకంటే చాలా మోడళ్లకు కాళ్లు రెండు కొసలకూ ఉంటాయి.

ఇక అందరూ ముందుగా అడిగేది 4కె, అంటే తెర మీద అడ్డంగా దాదాపు నాలుగు వేల చుక్కలుండే రకం. నిజానికి 55 అంగుళాల 4కె తెర మీద ఒక్కో చుక్క మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మామూలు చూపున్న మనిషి ఆ చుక్కలను విడివిడిగా గుర్తుపట్టాలంటే సుమారు మూడున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. అడ్డంగా అందులో సగమే ఉండే ఫుల్ హెచ్‌డీ చుక్కలైనా ఏడు అడుగులు దాటితే కలిసిపోతాయి. మన ఇళ్లలో సోఫా ఎదుటి గోడకు ఆనించి ఉంటుంది; అంటే పది, పన్నెండు అడుగులు. అంత దూరం నుంచి ఆ తేడా కంటికి ఆనదు. ఇప్పుడు ఈ పరిమాణంలో దాదాపు అన్నీ 4కెనే వస్తున్నాయి కాబట్టి దాని గురించి తల బద్దలు కొట్టుకోనవసరం లేదు, 8కె కోసం అదనంగా ఖర్చు పెట్టనవసరం అంతకన్నా లేదు.

అసలు తేడా కనబడేది తక్కువ నాణ్యత గల బొమ్మను టీవీ ఎట్లా పెద్దది చేస్తుందన్న దగ్గర. కేబుల్ బాక్సు నుంచి వచ్చే మామూలు ఛానల్‌లో నిలువునా ఉండేది 576 గీతలు. వాటిని 2160 గీతలుండే 4కె తెర మీద పరవాలి. ఆ పని చేసేది లోపలి ప్రాసెసర్, దాని గురించి పెట్టె మీద ఉండేది ప్రకటన భాషే. దుకాణంలో మాత్రం నెమళ్లు, పూలు, సముద్రం ఉన్న 4కె వీడియో తిప్పుతారు. అందులో ఏ టీవీ అయినా మెరిసిపోతుంది. నేను కేబుల్ బాక్సు పెట్టి తెలుగు వార్తా ఛానల్ చూపించమంటే, అక్కడి కుర్రాడు “ఛానల్ పెడితే అన్నీ ఒక్కతీరే ఉంటయి సార్” అన్నాడు. పక్కపక్కనే రెండింటిలో పెట్టించి చూస్తే ఒక్కతీరు లేవు. ఒకదాంట్లో కింద పరుగెత్తే స్క్రోలింగ్‌లో ఒత్తులు, గుడులు అలుక్కుపోయాయి, యాంకర్ చెంప మీద రంగు మచ్చలు మచ్చలుగా కదిలింది. రెండోదాంట్లో అక్షరం అంచు కొంచెం మెత్తబడినా చదవడానికి ఇబ్బంది లేదు. ధరలో మొదటిదే ఎక్కువ.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది పక్క నుంచి చూసినప్పుడు బొమ్మ నిలవడం. మా ఇంట్లో టీవీకి ఎదురుగా కూర్చునేది ఒకరిద్దరే. నాయన తలుపు పక్క కుర్చీలో, పిల్లలు కింద చాప మీద, అమ్మ కూరగాయలు కోస్తూ వంటింటి గడప దగ్గర ఉంటారు. ఎల్‌ఈడీ టీవీల ప్యానెళ్లలో, అంటే బొమ్మ కనబడే పలకల్లో, ప్రధానంగా రెండు రకాలున్నాయి. వీఏ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది గాని పక్కకు జరిగితే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్ రకంలో నలుపు కొంత బూడిదగా ఉన్నా పక్క నుంచి బొమ్మ బాగా నిలుస్తుంది. రెండింటి మీదా 178 డిగ్రీలు అనే రాస్తారు కాబట్టి ఆ అంకెతో ఏమీ తేలదు. దుకాణంలో నడిచి పక్కకు వెళ్లి, ఒకసారి కిందికి వంగి చూడడమే పరీక్ష.

దీని తర్వాతిది వెలుతురు. పగలంతా తలుపులు తెరిచి ఉండే హాలులో తెర కాంతి తక్కువైతే సినిమాలోని రాత్రి దృశ్యాల్లో మన మొహాలే కనబడతాయి. వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన లాభం లేదు. తెరకు తగినంత కాంతి లేకపోతే ఆ సంకేతాన్ని తీసుకోవడమే తప్ప చూపించడం ఉండదు. క్యూఎల్‌ఈడీ అన్నది కూడా మామూలు ఎల్‌ఈడీ టీవీలాగే వెనుక దీపాలున్న ఎల్‌సీడీయే, రంగుల కోసం అదనంగా ఒక పొర ఉంటుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది కాబట్టి నలుపు నిజంగా నలుపే, పక్క చూపూ బాగుంటుంది. అయితే పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే వార్తా ఛానల్ నడిచే ఇంట్లో, కదలని లోగో, ఎర్ర పట్టీ ఏళ్ల తరబడి ఒకేచోట ఉండి తెర మీద మచ్చగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. చీకటి గదిలో సినిమాలే చూసేవారికి దాన్ని మించింది లేదు; మా ఇంటికి అది తగదు.

120 హెర్ట్జ్, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మారడం, అన్నది ప్రధానంగా గేమ్ కన్సోల్ ఉన్నవారికి లాభం. కదలికను నున్నగా చేసే సెట్టింగును కొన్న రోజే ఆపేయడం మంచిది, లేకపోతే ఎంత పెద్ద సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది. సన్నటి టీవీలన్నిటికీ ధ్వని బలహీనతే. స్పీకర్లు కిందికి తిరిగి ఉండడం వల్ల ఫ్యాన్ వేగంగా తిరిగితే మాట వినబడదు. అందుకని ఆర్క్ లేదా ఈఆర్క్ (టీవీ ధ్వనిని బయటి స్పీకరుకు పంపే సదుపాయం) ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు తప్పక చూసుకుని, సౌండ్‌బార్‌కు కొంత సొమ్ము పక్కన పెట్టుకోవాలి.

చివరిగా నేను ప్రతి దుకాణంలోనూ అడిగింది, చెడిపోతే మెకానిక్ ఎక్కడి నుంచి వస్తాడని. ప్యానెల్ పోతే బాగుచేయడానికయ్యే ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి వారంటీలో ప్యానెల్‌కు ఎన్నేళ్లు అన్నది బిల్లు మీద రాయించుకోవాలి. రెండు మోడళ్లు మా లెక్కలో సమానంగా తూగినప్పుడు, నల్లగొండలోనే మెకానిక్ ఉన్న కంపెనీది తీసుకున్నాం. రెండోదానికి ప్రతిసారీ హైదరాబాద్ నుంచి మనిషి రావాలట.