గీతలు కనిపించాయి

రాయగడలో ఓ చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో 14 ఏళ్లుగా రక్తాలు తీస్తున్నాను. ఇంట్లో తెలుగు, కౌంటర్ దగ్గర ఒడియా, కొండ దిగి వచ్చినవాళ్లతో నాకు పట్టుబడిన నాలుగు కువి ముక్కలు. ఎవరితో ఏ భాషలో మాట్లాడినా ‘సికిల్’ అన్న మాట మాత్రం మార్చక్కర్లేదు, అందరికీ అదే: ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో అడ్డుపడే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు.

సికిల్ టెస్టు చూడ్డానికి భలే తేలిక. ట్యూబులో 2 మిల్లీలీటర్ల ద్రావణం పోసి, 20 మైక్రోలీటర్ల రక్తం కలిపి, 5 నిమిషాలు ఆగి, నల్ల గీతలున్న కార్డు ముందు పట్టుకోవాలి. ద్రావణంలోని సాపోనిన్ ఎర్ర కణాలను పగలగొడుతుంది, డైథయనైట్ బయటపడ్డ హిమోగ్లోబిన్ నుంచి ఆక్సిజన్ లాగేస్తుంది. అలా లాగేసినా మామూలు హిమోగ్లోబిన్ కరిగే ఉంటుంది, సికిల్‌ది మాత్రం ఒకదానికొకటి అతుక్కుని ట్యూబంతా ఎర్రటి కుడితిలా చేస్తుంది. గీతలు కనిపిస్తే నెగటివ్, కనిపించకపోతే పాజిటివ్. అంతే, నేననుకున్నది.

చేరిన కొత్తలో ఒక మామ్మ నాలుగు నెలల మనవణ్ని ఎత్తుకొచ్చింది. తండ్రికి ఎక్కడో క్యాంపులో పాజిటివ్ అన్నారట, పిల్లాడికీ చూడమంది. చూశాను. గీతలు ఎంత బాగా కనిపించాయంటే ఇంకోసారి చూడాలని కూడా అనిపించలేదు. నెగటివ్ అని రాసి, పైగా “భయమేమీ లేదమ్మా” అని అభయం కూడా ఇచ్చి పంపాను.

ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చింది. “సేతులూ కాళ్లూ బూరెల్లాగ పొంగిపోనాయి బాబూ, అప్పుడు ఏటీ నేదన్నావు కదా!” పిల్లాడు ఏడవడం మానేసి మూలుగుతున్నాడు, వేళ్లు ముట్టుకోనివ్వట్లేదు. ఆ పసి చేతులు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి.

మా సీనియర్ తిట్టలేదు, వయసు ఎంత అని మాత్రం అడిగారు. అక్కడే దొరికిపోయాను. పుట్టిన పిల్లల రక్తంలో ఎక్కువగా ఉండేది కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్, ఎఫ్ అంటాం. అది నెలల తరబడి మెల్లగా తగ్గుతుంటే దాని చోటులోకి పెద్దలది (మామూలుగా ఏ అనే రకం), వీడి విషయంలో సికిల్ ఎస్, వస్తుంది. నాలుగు నెలలకి ఎస్ ఇంకా తక్కువే, పైగా ఎఫ్ మధ్యలో దూరి దాన్ని అతుక్కోనివ్వదు. అందుకే ఆరు నెలల లోపు పిల్లలకి ఈ టెస్టు చేయకూడదు. పసిపిల్లల్లో సికిల్ కణాలు తక్కువగా కనిపించడానికి ఎఫ్ కారణమై ఉంటుందని న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే డాక్టరమ్మ 1948లోనే చెప్పింది. ఆమె చెప్పి అరవై ఏళ్లు దాటాక కూడా నేను అదే గుంటలో పడ్డాను.

పిల్లాడి రక్తం ఐస్ బాక్సులో పెట్టి రైల్లో విశాఖ పంపాం, హెచ్‌పీఎల్‌సీకి. ఆరేడు నిమిషాల్లో ఒక్కో రకం హిమోగ్లోబిన్‌ని విడదీసి కాగితం మీద కొండల్లా గీసిస్తుందా మెషిన్. ఎస్ కొండ ఎత్తుగా, ఎఫ్ చిన్నగా, ఏ ఉండాల్సిన చోట బోసిగా మైదానం. అంటే రెండు జన్యువులూ సికిల్‌వే, ఒకటి తల్లి నుంచి వచ్చింది. తల్లికి అసలు ఎవరూ టెస్టే చేయలేదు! తండ్రికి క్యాంపులో చెప్పిన పాజిటివ్ కూడా సగం మాటే, జబ్బుందా లేక వాహకుడేనా, అంటే ఒక్క సికిల్ జన్యువే ఉన్నవాడా అన్నది ట్యూబు చెప్పలేదు (రిపోర్టు తీస్తే వాహకుడే, ఏ ఎక్కువ, ఎస్ తక్కువ). ఈ సగం మాట పట్టుకుని మా వైపు పెళ్లి సంబంధాలు చెడగొట్టుకుంటారు, అదో పెద్ద గోల, ఇంకోసారి రాస్తాను.

నన్ను బోల్తా కొట్టించిన ఆ ఎఫ్ మీదే ఇప్పుడు చాలా వైద్యం నడుస్తోంది. 2023 నవంబర్‌లో బ్రిటన్ అనుమతించిన క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్స చేసేది ఎఫ్‌ని మళ్లీ తెప్పించడమే. పెద్దయ్యేకొద్దీ ఎఫ్‌ని ఆపేసే బీసీఎల్11ఏ అనే జన్యువు ఉంది. రోగి మూలకణాలను రక్తం నుంచి వడకట్టి తీసి, కరెంటు షాకుతో కణం గోడకి క్షణం సేపు కంతలు పెట్టి లోపలికి క్రిస్పర్ అనే జన్యువుల కత్తెర పంపి, ఎర్ర రక్తకణాల్లో ఆ జన్యువును నడిపించే స్విచ్చు దగ్గర కత్తిరిస్తారు. తర్వాత బుసల్ఫాన్‌తో ఎముకల్లోని పాత మజ్జను ఖాళీ చేసి, మార్చిన కణాలను సెలైన్‌లా ఎక్కిస్తారు. ఎఫ్ మళ్లీ మొదలవుతుంది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. రాయగడలో ఆ అంకె చెబితే నవ్వుతారు.

మా వాళ్లకి అందేది హైడ్రాక్సీయూరియా బిళ్ల. అది కూడా ఎఫ్‌నే పెంచుతుంది, కాకపోతే రోజూ వేసుకోవాలి, కణాలు మరీ పడిపోతున్నాయేమో రక్తం చూపించుకుంటూ ఉండాలి. ఆ పిల్లాడికి ఇప్పుడు మీసాలు వస్తున్నాయి. రక్తం చూపించుకోవడానికి నా దగ్గరికే వస్తాడు, వెనక మామ్మ కూడా. నేను కణాలు లెక్కపెట్టే మెషిన్‌లో ట్యూబు పెట్టగానే అంటుంది, “ఈసారైనా గీతలు సరిగ్గా సూడు బాబూ.” ఈ టెస్టులో గీతలుండవని ఎన్నిసార్లు చెప్పానో.